హకీమ్ అబూబక్ర్ రాజీ: చూసి, అడిగి, రాసిపెట్టిన వైద్యుడు

అల్లాహ్ మనకు ప్రసాదించిన వరాలను దివ్యఖుర్ఆన్ పదేపదే గుర్తు చేస్తుంది. వినికిడి, చూపు, హృదయం అనే మూడు వరాలను కలిపి ప్రస్తావించిన చోట్ల చాలావరకు వినికిడే ముందు వస్తుంది. ఈ మూడింటిని గురించీ రేపు ప్రశ్నించడం జరుగుతుందని కూడా దివ్యగ్రంథం హెచ్చరించింది. అంటే చెవి మన సొంత ఆస్తి కాదు, మనకు అప్పగించిన అమానత్.

బిడ్డ పుట్టగానే మనం మొట్టమొదట చెవిలోనే అజాన్ వినిపిస్తాం. ఏడాది తిరక్కుండానే ఆ బిడ్డ చెవి నొప్పితో ఏడిస్తే, లోపల ఏముందో చూడకుండానే వెల్లుల్లి వేసి కాచిన నూనె అదే చెవిలో పోస్తాం. మన ఇళ్లలో తరతరాలుగా జరుగుతున్నది ఇదే. ఇందులో ప్రేమకు లోటు లేదు, లోటల్లా చూడటంలోనే ఉంది.

ముందు చూడాలి, రోగిని అడగాలి, తెలిసింది రాసిపెట్టుకోవాలి, ఆ తరువాతే మందు మాట ఎత్తాలి అనే పద్ధతిని పదకొండు వందల ఏళ్ల క్రితమే ఆచరించి చూపించిన ఒక మహావైద్యుడి జీవితాన్ని ఈ నెల తెలుసుకుందాం. ఆయన పుట్టింది ఇరాన్ లో, పేరు గడించింది బాగ్దాద్ లో. అయితే ఆయన రాసిన అతి పెద్ద వైద్య గ్రంథం అరబీ మూలం అచ్చయింది మాత్రం మన హైదరాబాద్ లో! తార్నాక కూడలి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ దాన్ని వెలువరించింది. ఆ గ్రంథంలోని మూడవ భాగం చెవి, ముక్కు, దంతాల వ్యాధుల గురించే.

ఏ రాజీ?

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. ఇరాన్ లో నేటి టెహ్రాన్ పక్కనే ఉన్న 'రయ్' అనే పాత నగరానికి చెందినవారిని రాజీ అని పిలిచేవారు. ఈ పేరుతో ఎందరో మహానుభావులున్నారు. తఫ్సీర్ గ్రంథకర్తగా మనకు తెలిసిన ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (రహ్మ) హి.శ. 606లో పరమపదించారు. హనఫీ న్యాయశాస్త్రంలో ప్రసిద్ధులైన ఇమామ్ జస్సాస్ రాజీ (రహ్మ) హి.శ. 370లో మరణించారు. ఆయన కున్యత్ కూడా అబూబక్రే కావడంతో చాలామంది తికమకపడుతుంటారు. మనం ఇప్పుడు చెప్పుకుంటున్నది వీరిద్దరికంటే ముందు జీవించిన వైద్యుడు, అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ గురించి. ఐరోపా వారు ఆయన్ని 'రాజెస్' అన్నారు.

రయ్ నుంచి బాగ్దాద్ కు

రాజీ జననం హి.శ. 251, షాబాన్ నెల మొదటి తేదీన, అంటే క్రీ.శ. 865లో జరిగింది. ఈ వివరాన్ని భద్రపరిచినవారు ప్రఖ్యాత శాస్త్రవేత్త అబూ రైహాన్ బైరూనీ. రాజీ రచనల పట్టికను ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకంగా తయారు చేశారు. అందులో 184 రచనల పేర్లున్నాయి.

యవ్వనంలో రాజీకి వైద్యంతో సంబంధమే లేదు. ఊద్ అనే వాద్యం వాయించేవారనీ, నాణేల మార్పిడి వ్యాపారం చేసేవారనీ చరిత్రకారులు రాశారు. ఆ తరువాత రసవాదం మీద ఆసక్తి పెరిగింది. కొలిమి ముందు కూర్చుని ద్రవ్యాలను కాచడం, వడగట్టడం, ఆవిరి పట్టడం వంటి పనుల్లో ఏళ్లు గడిపారు. ఆ పొగలు, ఆవిర్లు ఆయన కళ్లను దెబ్బతీశాయని కూడా చెబుతారు. వయసు ముప్పై దాటాక గానీ ఆయన వైద్య విద్య వైపు మళ్లలేదు. చదువుకోవడానికి వయసు మించిపోయిందని నిట్టూర్చే మన సోదరులు ఈ విషయాన్ని గమనించాలి.

బాగ్దాద్ లో వైద్యం నేర్చుకున్నాక రాజీ స్వస్థలమైన రయ్ లోని ఆసుపత్రికి ప్రధాన వైద్యులయ్యారు. తరువాత బాగ్దాద్ ఆసుపత్రికి కూడా నాయకత్వం వహించారు. ఆసుపత్రికి తగిన స్థలం ఎంచడానికి నగరంలో అక్కడక్కడా మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ ఆలస్యంగా కుళ్లిందో ఆ చోటును ఎంచారనే కథ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. అయితే ఆ కథ అజుదుద్దౌలా కట్టించిన ఆసుపత్రి పేరు మీద ప్రచారంలో ఉంది. ఆ ఆసుపత్రి రాజీ మరణించిన అర్ధ శతాబ్దం తరువాత గానీ వెలియలేదు. కథ ఎంత ఇంపుగా ఉన్నా, తేదీలు సరిపోనప్పుడు పక్కన పెట్టడమే న్యాయం. రాజీ గొప్పదనానికి కల్పిత గాథల అవసరం లేదు.

వరుసలు తీరిన దర్స్

రాజీ వైద్యశాల ఎలా నడిచేదో ఇబ్నె నదీమ్ తన గ్రంథంలో వివరించారు. పెద్ద తల గల ఆ వృద్ధ ఉస్తాద్ మధ్యలో కూర్చునేవారు. ఆయన ముందు ఆయన శిష్యులు, వారి ముందు ఆ శిష్యుల శిష్యులు, వారి ముందు మరికొందరు వరుసలు తీరి కూర్చునేవారు. రోగి వచ్చి తన బాధను మొదట బయటి వరుసలోని వారికి చెప్పుకోవాలి. వారికి అంతు చిక్కితే సరి, లేకపోతే రోగి లోపలి వరుసకు వెళ్లేవాడు. అక్కడా తేలకపోతే చివరికి రాజీయే స్వయంగా చూసి వివరించేవారు.

ఈ ఏర్పాటులో రెండు మేళ్లున్నాయి. కొత్తగా నేర్చుకునేవారికి రోగిని ముందుగా తమ కళ్లతో చూసే అవకాశం దొరికేది. రోగికి ఒకరి తరువాత ఒకరుగా పలువురి పరీక్ష లభించేది. ఈనాటి వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో విద్యార్థులు, జూనియర్ డాక్టర్లు, ఆ పైన ప్రొఫెసర్ చూసే పద్ధతి దీన్ని పోలినదే.

రాజీ ఉదార స్వభావులు. పేద రోగుల పట్ల దయ చూపేవారు, వైద్యం చేయడంతో పాటు వారి ఖర్చులకు డబ్బు కూడా ఇచ్చేవారు. వైద్యుడు అందుబాటులో లేని పేదల కోసమే ఆయన ఒక పుస్తకం రాశారు. తల నుంచి పాదం దాకా వచ్చే జబ్బులను వరుసగా చెప్పి, వంటింట్లో, బజారులో దొరికే వస్తువులతోనే వైద్యం సూచించారు. మరోవైపు రయ్ పాలకుడు మన్సూర్ బిన్ ఇస్హాక్ పేరిట పది భాగాల 'కితాబుల్ మన్సూరీ' రాసి సమర్పించారు. మశూచి, తట్టు వేరువేరు జబ్బులని లక్షణాలతో సహా తేడా చూపిన గ్రంథం కూడా ఆయనదే.

ఆయన చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కాగితం ఉండేది. ఎవరు ఎప్పుడు వెళ్లినా చిత్తు రాస్తూనో, సాపు రాస్తూనో కనిపించేవారని ఆయన్ని చూసినవారు చెప్పారు.

గులాబీలు పూసే వేళ పడిశం

ముక్కు విషయంలో రాజీ రాసిన ఒక చిన్న రిసాలా చాలా ఆసక్తికరమైనది. బల్ఖ్ నగరానికి చెందిన పండితులు అబూ జైద్ బల్ఖీకి ప్రతి ఏటా వసంతంలో గులాబీలు పూసే వేళకు విపరీతమైన పడిశం పట్టేది. మిగతా కాలమంతా బాగానే ఉండి, గులాబీ వాసన తగలగానే ఎందుకిలా అవుతుందన్న ప్రశ్నకు రాజీ ప్రత్యేకంగా సమాధానం రాశారు.

ఇప్పుడు మనం అలర్జీ అంటున్న దాన్ని కాలంతోనూ, కారణంతోనూ ముడిపెట్టి గుర్తించిన తొలి రచనల్లో ఇదొకటి. రోగి ముక్కును మాత్రమే చూస్తే జవాబు దొరకదు. ఏ నెలలో వస్తుంది, ఏది దగ్గరికి వస్తే వస్తుంది, ఏది దూరమైతే తగ్గుతుంది అని అడగాలి. రాజీ అదే అడిగారు. మన ఇళ్లలో ఏడాది పొడవునా తుమ్ముతూ ఉండే పిల్లవాడిని కూడా ఇలాగే గమనించాలి. దులిపిన దుమ్మా, పాత పరుపా, అగరుబత్తి పొగా, ఇంట్లో ఎవరైనా కాల్చే బీడీ, సిగరెట్టా అని వెతకాలి. ఎందుకంటే ముక్కు జబ్బు ముక్కుతో ఆగదు, చెవి దాకా వెళుతుంది.

చెవి, ముక్కు ఒకే ఇంటి రెండు గదులు

ముక్కు వెనుక భాగం నుంచి మధ్య చెవిలోకి ఒక సన్నని గొట్టం ఉంటుంది. దాన్ని యూస్టేషియన్ నాళం అంటారు. మనం మింగినప్పుడు, ఆవులించినప్పుడు అది తెరుచుకుని చెవిలోకి గాలి పంపుతుంది. చిన్న పిల్లల్లో ఈ గొట్టం పొట్టిగా, ఇంచుమించు అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు చేసిన నాలుగు రోజులకే పసివాడికి చెవిపోటు వస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి సీసాతో పాలు పట్టడం వల్ల కూడా ఈ ముప్పు పెరుగుతుంది. పాలు పట్టేటప్పుడు బిడ్డ తల ఎత్తుగా ఉండాలి.

చెవి బాధతో వచ్చిన రోగికి డాక్టరు ముక్కు, గొంతు కూడా చూసేది ఇందుకే. చెవి నొప్పికి వెళితే ముక్కు చూశారేమిటని విసుక్కోకూడదు. ముక్కు కొనను వేలితో కొద్దిగా పైకెత్తి లైటు వేస్తే ముందు భాగం కనిపిస్తుంది. దూలం వంకరగా ఉందా, లోపలి పొర వాచి పాలిపోయి ఉందా, ద్రాక్షపండులా నునుపైన కండ పెరిగిందా, చీము ఉందా అని చూస్తారు. పిల్లల్లో ఒకే ముక్కు రంధ్రం నుంచి దుర్వాసనతో చీము కారుతుంటే, లోపల పూసో, గింజో, స్పాంజి ముక్కో ఇరుక్కుందని అనుమానించాలి.

చెవిని కూడా ఒక క్రమంలో చూస్తారు. మొదట చెవి డొప్ప, దాని వెనుక ఎముక, అక్కడ వాపు, ఎరుపు, నొప్పి ఉన్నాయేమో చూస్తారు. తరువాత చెవి కాలువ. అది తిన్నగా ఉండదు, కొంచెం వంకర. పెద్దవారికి చెవి డొప్పను పైకీ, వెనక్కీ లాగితే కాలువ తిన్నబడుతుంది. పసిపిల్లలకైతే కిందికీ, వెనక్కీ లాగాలి. పెద్దవారిలో ఈ కాలువ దాదాపు 2.5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దాని చివర కర్ణభేరి. ఆరోగ్యంగా ఉన్న కర్ణభేరి ముత్యపు రంగులో పల్చగా ఉండి, ఓటోస్కోప్ లైటు పడినప్పుడు మెరుస్తుంది.

రాజీ కాలంలో ఓటోస్కోప్ లేదు. వారి తరువాతి తరంలో అందలుస్ లోని ఖుర్తుబా వైద్యులు అబుల్ ఖాసిమ్ జహ్రావీ, చెవిలో ఏదైనా పడినప్పుడు రోగి చెవిని ఎండకు ఎదురుగా పెట్టి లోపలికి చూడాలని తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో నేర్పారు. చెవిలో పడే వస్తువులను ఆయన నాలుగు రకాలుగా విడదీశారు: రాయి వంటివి, గింజ వంటివి, నీరు వంటివి, పురుగు వంటివి. గింజ తడికి ఉబ్బుతుంది గనుక ఉబ్బకముందే తీయాలన్నారు. నేటి డాక్టర్లు కూడా ఈ తేడా పాటిస్తారు. శనగ గింజ ఇరుక్కుంటే నీళ్లు కొట్టరు. బతికున్న పురుగు దూరితే, చెవికి రంధ్రం లేదని తెలిసినప్పుడు, నూనె చుక్కలతో దాన్ని చంపి, ఆపైన తీస్తారు. బొమ్మల్లో, రిమోట్ లో వాడే చిన్న బటన్ సెల్ చెవిలో గానీ ముక్కులో గానీ పడితే మాత్రం చుక్కల మందు ఏదీ వేయకూడదు, గంట కూడా ఆగకూడదు. అది లోపలి కండను కాల్చేస్తుంది. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

తరచుగా కనిపించే చెవి బాధలు

రాజీ తన గ్రంథంలో ఒక్కో బాధకు గ్రీకు వైద్యులు ఏమన్నారు, సిరియా వారు ఏమన్నారు, హిందూస్తాన్ వారు ఏమన్నారు అని వరుసగా రాసుకున్నారు. మన చరకుడి పేరు, సుశ్రుతుడి పేరు కూడా అందులో ఉన్నాయి. అన్నీ చెప్పాక 'నాది' అనే అర్థమిచ్చే చిన్న అరబీ పదం పెట్టి తన అనుభవం రాశారు. ఏది ఇతరుల మాట, ఏది తన మాట అన్నది కలగలిసిపోకుండా చూసుకున్నారు. హదీసు విద్యలో రివాయతును, వ్యాఖ్యానాన్ని వేరుగా ఉంచే పద్ధతి తెలిసిన మనకు ఈ జాగ్రత్త విలువ వెంటనే అర్థమవుతుంది.

ఆయన ఆధారపడిన శరీర తత్వ సిద్ధాంతం ఈనాడు చెల్లదు. ఆయన చెప్పిన చెవి మందులను ఇప్పుడు ఎవరూ ఇంట్లో ప్రయోగించకూడదు. నేర్చుకోవాల్సింది ఆయన చూపు. ఆ చూపుతో, నేటి వైద్య పరిజ్ఞానం ప్రకారం, మన ఇళ్లలో మామూలుగా వచ్చే చెవి బాధలను ఇలా గుర్తించవచ్చు.

గులిమి: ఇది మురికి కాదు, చెవికి రక్షణ. మామూలుగా దానంతట అదే బయటికి వస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్ బడ్ పెట్టి తిప్పితే ఇంకా లోపలికి పోయి గట్టిపడుతుంది. తలస్నానం చేశాక చెవి ఒక్కసారిగా మూసుకుపోయినట్లుంటే చాలాసార్లు ఉబ్బిన గులిమే కారణం.

కాలువ వాపు: చెవి డొప్పను లాగినా, చెవి ముందున్న చిన్న మృదులాస్థిని నొక్కినా నొప్పి తీవ్రంగా ఉంటే జబ్బు బయటి కాలువలో ఉందని అర్థం. గోకడం వల్ల, నీరు నిలవడం వల్ల వస్తుంది.

బూజు: వానకాలంలో, నూనె తరచుగా పోసే చెవుల్లో ఎక్కువ. విపరీతమైన దురద ఉంటుంది. లోపల తడిసిన వార్తాపత్రిక ముక్కలా తెల్లగా, నల్లచుక్కలతో కనిపిస్తుంది.

మధ్య చెవి వాపు: పిల్లవాడికి జలుబు, జ్వరం, రాత్రివేళ చెవి పట్టుకుని ఏడుపు. చూస్తే కర్ణభేరి ఎర్రగా ఉబ్బి ఉంటుంది. ఒక్కోసారి అది చిల్లిపడి చీము కారగానే నొప్పి తగ్గుతుంది. నొప్పి పోయింది గనుక జబ్బు పోయిందనుకోవడం పొరపాటు.

చీము చెవి: కర్ణభేరి రంధ్రం పూడకుండా ఉండిపోయి, జలుబు చేసినప్పుడల్లా, నీరు పోయినప్పుడల్లా కారుతుంది. చీము కొద్దిగానే ఉన్నా దుర్వాసన వేస్తుంటే అది ఎముకను తినే రకం కావచ్చు.

నొప్పి లేని చెవుడు: మధ్య చెవిలో జిగట నీరు నిలిచిన పిల్లవాడికి నొప్పి ఉండదు, చీము ఉండదు. పిలిస్తే పలకడు, టీవీ శబ్దం పెంచుతాడు, పాఠం సగమే వింటాడు.

చెవి వెనుక వాపు, ముఖం ఒక పక్కకు పోవడం, తల తిరగడం, జ్వరంతో తీవ్రమైన తలనొప్పి, ఉన్నట్టుండి వినికిడి పోవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

తన పొరపాటును తానే రాసుకున్నారు

రాజీ జీవితంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించిన సంఘటన ఒకటుంది. అబ్దుల్లాహ్ బిన్ సవాదా అనే రోగికి క్రమం తప్పిన జ్వరాలు వచ్చేవి. రోజు విడిచి రోజు వచ్చే జ్వరాలు ఆయనకు అంతకుముందు వచ్చి ఉన్నాయి గనుక, రాజీ మొదట ఆ వైపే ఆలోచించారు. కొంతకాలానికి మూత్రంలో చీము కనిపించింది. అప్పుడు జబ్బు మూత్రపిండంలో ఉందని తేలింది, చికిత్స మారింది, రోగి కోలుకున్నాడు.

ఇక్కడితో కథ ముగించి ఉంటే రాజీకి మెప్పే మిగిలేది. కానీ ఆయన మరో మాట కూడా రాసిపెట్టారు. లేచి నిలబడినప్పుడు నడుములో బరువుగా ఉంటోందా అని తాను ఆ రోగిని అడగలేదనీ, అడిగి ఉంటే ముందే తెలిసేదనీ, ఆ అడగకపోవడం తన అశ్రద్ధేననీ ఒప్పుకున్నారు. బాగ్దాద్ ఆసుపత్రిని నడిపిన వైద్యుడు, చదివేవారంతా చూసేలా, తన తప్పును తన చేత్తో రాసుకున్నారు.

మెదడు వాపు రోగుల విషయంలో కూడా ఆయన ఇలాగే నిజం తేల్చుకోవడానికి, కొందరికి రక్తం తీయించి, మరికొందరికి ఉద్దేశపూర్వకంగా తీయించకుండా పోల్చి చూశారు. పెద్దలు చెప్పారు గనుక సరే అనుకోలేదు. వైద్య గురువుగా తాను గౌరవించే జాలీనూస్ మీద కూడా సందేహాలు లేవనెత్తుతూ ఒక గ్రంథం రాశారు. ఎంతటి నిపుణుడైన వైద్యుడు కూడా అన్ని రోగాలనూ నయం చేయలేడని వివరిస్తూ మరో రచన చేశారు.

ఒక మాట స్పష్టంగా

రాజీ వైద్యంలో ఇమామ్ వంటివారే గానీ, అఖీదా విషయాల్లో కాదు. తత్వశాస్త్రంలో, ముఖ్యంగా దైవదౌత్యం విషయంలో ఆయనకు అంటగట్టిన కొన్ని అభిప్రాయాలను ఆ కాలం నుంచే పండితులు ఖండించారు. ఆ మాటలు ఎంతవరకు ఆయనవే అన్న చర్చ ఈనాటికీ ఉంది. ఆయన పుస్తకాల పట్టిక తయారు చేసిన బైరూనీయే ఆ అభిప్రాయాలను విమర్శించారు. విమర్శిస్తూనే ఆయన వైద్య కృషిని ఒక్కటి కూడా వదలకుండా నమోదు చేశారు. మనం పాటించాల్సిన న్యాయం కూడా ఇదే.

చివరి రోజులు

ఎందరికో చూపు ఇచ్చిన రాజీకి చివరి కాలంలో చూపు పోయింది. మొదట శుక్లాలు వచ్చి, తరువాత పూర్తి అంధత్వం ఆవరించింది. తబరిస్తాన్ నుంచి ఆయన శిష్యుడొకరు చికిత్స చేయడానికి వచ్చారు. రాజీ ఆదరించి కృతజ్ఞత తెలిపారు గానీ, తన ఆయువు తీరే ఘడియ దగ్గరపడిందనీ, ఇక బాధపెట్టే చికిత్స వద్దనీ వారించారు. హి.శ. 313, షాబాన్ 5న, అంటే క్రీ.శ. 925లో రయ్ లోనే కన్నుమూశారు.

జీవితమంతా రాసుకున్న వైద్య చిత్తుప్రతులు ఇంట్లో అలాగే ఉండిపోయాయి. కొన్నేళ్లకు వజీర్ ఇబ్నుల్ అమీద్ వాటిని రాజీ సోదరి దగ్గర డబ్బిచ్చి తీసుకుని, ఆయన శిష్యులను రప్పించి క్రమంలో పెట్టించారు. అదే 'అల్ హావీ'. ఒక సోదరి ఆ కాగితాలను దాచి ఉంచకపోతే ప్రపంచానికి ఆ గ్రంథమే దక్కేది కాదు.

రయ్ నుంచి హైదరాబాద్ దాకా

1279లో సిసిలీకి చెందిన యూదు పండితుడు ఫరజ్ బిన్ సాలిం అల్ హావీని లాటిన్ లోకి అనువదించారు. 1486లో ఇటలీలోని బ్రెషా నగరంలో ఆ అనువాదం అచ్చయింది. ఐరోపా వైద్యులు తరతరాలుగా దాన్ని చదివారు. కానీ అరబీ మూలం మాత్రం వ్రాతప్రతుల్లోనే చెల్లాచెదురుగా ఉండిపోయింది.

ఆ కొరత తీర్చిన ఘనత మన నగరానిది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1888 ప్రాంతంలో నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసైన్ బిల్గ్రామీ, జామియా నిజామియా స్థాపకులు మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ (రహ్మ), ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ కలిసి దాయిరతుల్ మఆరిఫ్ ను నెలకొల్పారు. ఇమామ్ బైహఖీ వారి 'సుననె కుబ్రా' వంటి హదీసు గ్రంథాలతో పాటు ఖగోళం, గణితం, వైద్యం గ్రంథాలను కూడా ఆ సంస్థ అచ్చు వేసింది. అల్ హావీ ప్రచురణ 1955లో మొదలై 23 భాగాలుగా వెలువడింది. హదీసు, వైద్యం ఒకే ముద్రణాలయంలో, ఒకే శ్రద్ధతో అచ్చయ్యాయి. అక్కడే ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918 నుంచి ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పింది, ఆధునిక వైద్యాన్ని కూడా ఉర్దూలోనే బోధించింది.

ఇందులో మరో ముచ్చట ఉంది. దాయిరతుల్ మఆరిఫ్ స్థాపకుల్లో ఒకరైన ఇమాదుల్ ముల్క్ కుమార్తె తయ్యిబా బేగం. ఆమె కుమారుడే ఉస్మానియాకు వైస్ చాన్సలర్ గా పనిచేసిన నవాబ్ అలీ యావర్ జంగ్. 1983లో ముంబయిలో భారత ప్రభుత్వం వినికిడి లోపం గలవారి కోసం నెలకొల్పిన జాతీయ సంస్థకు ఆయన పేరే పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం మన సికింద్రాబాద్ లో ఉంది. తాతగారు చెవి వ్యాధుల గ్రంథాన్ని అచ్చు వేసే సంస్థకు పునాది వేస్తే, మనుమడి పేరు వినికిడి సంస్థకు దక్కింది.

మన ఇళ్లకు వద్దాం

చిన్నతనంలో నా ఎడమ చెవికి నొప్పి వస్తే ఇంట్లో పెద్దలు ప్రేమతోనే వేడి నూనె పోశారు. తరువాత ప్రతి వానకాలం ఆ చెవి కారేది. హిఫ్జ్ చదివే రోజుల్లో ఉస్తాద్ ఎడమ పక్క నుంచి దిద్దితే నాకు వినిపించేది కాదు. పరధ్యానంగా ఉన్నానని దెబ్బలు తిన్నాను. చెవి వినిపించడం లేదని చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు, అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఎన్నో ఏళ్ల తరువాత ఒక డాక్టరు లైటు వేసి చూస్తే కర్ణభేరికి రంధ్రం ఉందని తేలింది. చూడటానికి పట్టిన సమయం ఒక్క నిమిషం.

అందుకే తల్లిదండ్రులకూ, మక్తబ్ లో చదువు చెప్పే నా సోదరులకూ విన్నపం. పిల్లవాడు పిలిస్తే పలకకపోతే, సబఖ్ పదేపదే తప్పు చదివితే, బెత్తం తీయకముందు చెవి చూపించండి. పుట్టిన బిడ్డకు నెలలోపే వినికిడి పరీక్ష చేయించడం మంచిది. లోపం ఉంటే ఆరు నెలల లోపు సాయం మొదలైతే మాటలు వస్తాయి. కోఠీలోని ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆసుపత్రి ఇందుకోసమే ఉంది.

కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు వజూ గురించి కంగారు పడనవసరం లేదు. చెవుల మసహ్ అంటే తడి వేళ్లతో తుడవడమే గానీ నీళ్లు పోయడం కాదు. గుస్ల్ లో కూడా చెవి కాలువ లోపలికి నీరు పంపాలన్న నియమం లేదు. వాజలైన్ రాసిన దూదిని చెవి ద్వారంలో పెట్టుకుని స్నానం చేసి, తరువాత దూది తీసి చెవి డొప్ప మడతలను తడి వేళ్లతో తడుపుకోవచ్చు. ముక్కు శుభ్రం చేసేటప్పుడు రెండు రంధ్రాలూ మూసి గట్టిగా చీదకుండా, ఒక్కొక్కటిగా మెల్లగా చీదాలి. గట్టిగా చీదితే లోపలి చీము చెవిలోకి నెట్టుకుపోతుంది.

రాజీ దగ్గర ఓటోస్కోప్ లేదు, యాంటీబయాటిక్ లేదు. ఉన్నవల్లా చూసే కన్ను, అడిగే నోరు, రాసే చెయ్యి, తప్పును ఒప్పుకునే మనసు. మనకు ఈరోజు అన్ని పరికరాలూ ఉన్నాయి. ఆ నాలుగింటిని కూడా అలవరచుకుంటే మన పిల్లల చెవులు దక్కుతాయి.

అల్లాహ్ మన వినికిడిని, చూపును, హృదయాలను క్షేమంగా ఉంచుగాక! ఆయన ఇచ్చిన అమానత్ ను కాపాడుకునే బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.